చట్టం ఆగిపోయే చోట

కాకినాడ నుంచి కోరంగి, తాళ్ళరేవు మీదుగా వస్తుంటే సుంకరపాలెం దాటగానే యానాం. రాష్ట్రం మారిందని రోడ్డుకు తెలియదు. మద్యం దుకాణాల బోర్డులు చూశాక మనకు తెలుస్తుంది. అటూ ఇటూ ఒకే యాస, ఒకే వంట, ఒకరింటి పిల్ల ఇంకొకరింటి కోడలు. మారేది చట్టం ఒక్కటే. 30 చదరపు కిలోమీటర్ల ఈ నేల మీద పెత్తనం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. 1954 దాకా అయితే సముద్రాల అవతలి ఫ్రాన్సుది.

ఈ ఊరి చరిత్రలో సగం ఆ కనపడని గీత నడిపించిందే. 1929లో శారదా చట్టం వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహం నేరమైంది. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం చెల్లదు. దాంతో గోదావరి జిల్లాల పెద్దమనుషులు చంటిపిల్లల్ని ఎత్తుకుని, పురోహితుణ్ణి వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి మూడుముళ్ళూ వేయించి వెళ్ళేవారు. కల్యాణపురం అని ఊరికి ఒక ముద్దుపేరు కూడా వచ్చింది. ఆ పేరు వినడానికి ఎంత బాగుంటుందో, దాని వెనకున్న ఎనిమిదేళ్ళ పెళ్ళికూతుళ్ళను తలుచుకుంటే అంత చేదుగా ఉంటుంది. మంగళవారం సంతదీ అదే దారి. విదేశీ సరుకు, దొంగ సరుకు కొనడానికి బ్రిటిష్ వైపు నుంచి జనం దిగేవారు. తర్వాత 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు, 1997లో అది సడలేదాకా, యానాం దారి ఎలా కిటకిటలాడిందో ఈ ప్రాంతంలో నడివయసు దాటినవారందరికీ గుర్తే. ఈ మాటంటే యానాం వాళ్ళకు కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. చెడిపోయింది మా ఊరు కాదు, మా ఊరొచ్చి చెడిపోయింది మీరు అంటారు వాళ్ళు.

దేవునికి ఇష్టమైన క్రైస్తవ జీవితం గురించి రాస్తానని కూర్చుని, మద్యం దుకాణాలతో మొదలుపెట్టడమేమిటని మీకు అనిపించవచ్చు. గీత అవతల నేరం, గీత ఇవతల నేరం కాదు. పోలీసు పట్టుకోడు, కోర్టు పిలవదు, మన సంఘంలోవాళ్ళు కనపడరు. అలాంటి చోట నిలబడ్డ మనిషి ఏం చేస్తాడన్నది ఆ మనిషి భక్తికి అసలు పరీక్ష అని నా నమ్మకం. ఆదివారం ఉదయం తెల్లచొక్కా వేసుకుని బైబిలు చంకలో పెట్టుకున్నప్పుడు మనమందరం ఒకేలా ఉంటాం. అప్పుడు మనల్ని కొలవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

యానాంలో క్రైస్తవం నిన్నమొన్నటిది కాదు. పునీత అన్నమ్మ దేవాలయం ఫ్రెంచి మిషనరీల చేతుల మీదుగా 1846లో పూర్తయింది. నిలువెత్తు గోడలతో, యూరపు పద్ధతిలో కట్టిన గుడి. కతోలికులకు అది గుడి, అక్కడ జరిగేది పూజ, పెద్దాయన ఫాదర్‌గారు. ఆ వీధి దాటితే రేకుల షెడ్డులో పాస్టరుగారు, మైకు, తబలా, సాక్ష్యాలు, ఉపవాస కూడికలు. ఒకరిది మరొకరికి సరిపడదు. కానీ రెండుచోట్లా పెరిగిన పిల్లలకు దొరికే మంచి జీవితపు జాబితా మాత్రం ఇంచుమించు ఒకటే. తాగకూడదు, పొగతాగకూడదు, పేక ముట్టకూడదు, ఆదివారం ఎగ్గొట్టకూడదు. షెడ్డులో అయితే ఇంకొన్ని కలుస్తాయి. బొట్టు వద్దు, పూలు వద్దు, నగలు వద్దు, సినిమా వద్దు.

ఈ జాబితాను నేను వెక్కిరించడం లేదు. తాగుడు మానేసిన తండ్రి వల్ల నిలబడ్డ ఇళ్ళు గోదావరి పేటల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే ఏసుప్రభువు చేసిన మొట్టమొదటి అద్భుతం అదేనంటారు. వాళ్ళతో వాదించే అర్హత నాకు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డది కూడా ఆ బాధతోనే. అయితే ఈ జాబితాలో ఒక సౌకర్యం ఉంది. ఇందులో ప్రతిదీ బయటికి కనపడేదే. కనపడేది కాబట్టి కాపలా కాయవచ్చు, కాపలా కాస్తారు కాబట్టి తప్పించుకోనూవచ్చు. నుదుట బొట్టుందో లేదో చూడగలిగే సంఘం, తూకం రాయి తక్కువుందో లేదో చూడదు. నోటి దగ్గర వాసన పట్టే పెద్ద, వడ్డీ కాగితం అడగడు. దేవుడిని చెక్‌పోస్టు దగ్గర కూర్చున్న జవానును చేసేశాం. సంచి విప్పి చూపిస్తే చాలు, పంపించేస్తాడని మన ధైర్యం.

సువార్తల్లో కూడా ఇలాంటి గీతల దగ్గర కూర్చుని బతికిన మనుషులున్నారు. సుంకరులు. రోముకు కట్టాల్సింది వసూలు చేసి, పైన ఎంత పిండుకుంటే అంత వాళ్ళది. యొర్దాను ఒడ్డున యోహాను బాప్తిస్మమిస్తుంటే వాళ్ళూ వచ్చి, మేమేం చేయాలి బోధకుడా అని అడిగారని లూకా రాశాడు. యోహాను ఎడారిలో మిడతలు తిని బతికే మనిషి, మాట కరుకు. అలాంటివాడు ఆ పాపిష్టి ఉద్యోగం వదిలేయమంటాడనుకుంటాం. అనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులొచ్చారు. బెదిరించి గుంజుకోవద్దు, అబద్ధపు నేరం మోపవద్దు, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడు. మామూలు జనానికి చెప్పింది, రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికి ఇమ్మని. ప్రార్థన ఎన్ని గంటలు చేయాలో ఆ ముగ్గురిలో ఎవరికీ చెప్పలేదు. రెవెన్యూ ఆఫీసులో, పోలీస్ స్టేషన్లో, సంతలో రేపు పొద్దున్నే చేయాల్సిన పని చెప్పాడు.

యెరికో సుంకరి జక్కయ్యదీ ఇదే వరస. పొట్టివాడు చెట్టెక్కాడని సండేస్కూల్లో నవ్విస్తూ చెప్పే కథ. పెద్దయ్యాక చదివితే ఆ కథలో లెక్కలే ఎక్కువ. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లింపు. మత్తయి సుంకపు మెట్టు దగ్గరినుంచి లేచి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. జక్కయ్య మాత్రం ఉద్యోగం వదిలినట్టు ఎక్కడా లేదు. ఒకరికి వదలడం, ఇంకొకరికి అక్కడే ఉండి శుభ్రంగా చేయడం. రెండూ ప్రభువుకు సమ్మతమే అయ్యాయి. మన సాక్ష్యాల కూడికల్లో మొదటి రకం కథలకే చప్పట్లు. ఉద్యోగానికి రాజీనామా చేసి సేవకొచ్చాను అంటే హల్లెలూయ. అదే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఉండి ఒక్క కవరు కూడా తీసుకోలేదన్న మనిషిని మైకు దగ్గరకు పిలవగా నేను చూడలేదు. పిలిచినా ఆయన రాకపోవచ్చు.

యానాంలో వర్షాకాలమంటే పులస. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఏటికెదురుగా ఈదుకొచ్చి, ఆ తియ్యనీళ్ళలో కొవ్వుపట్టి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు. చేప ఒక్కింటికి వేలల్లో పలుకుతుంది. రేవులో వేలం పాడతారు. రుచిలో తేడా నాలుకకు తెలుస్తుంది కానీ బుట్టలో చూసినప్పుడు కొత్తవాడికి తెలియదు. అందుకే సీజనులో సముద్రపు ఇలస, వేరే రాష్ట్రం నుంచి ఐసుపెట్టెలో వచ్చిన ఇలస పులస ధరకు అమ్ముడుపోవడం మామూలే. కొనేది హైదరాబాదు కారు. మళ్ళీ వచ్చి అడిగేవాడు లేడు. ఏ చట్టమూ దీన్ని పట్టించుకోదు.

అలాంటి చోట చేపలమ్మే ఒకావిడ నాకు తెలుసు. చేపకు చేయి చాపబోతే, "అది పులస కాదండి బాబుగారూ, సముద్రం ఇలసండి. ఆ ధర పెట్టకండి," అంటుంది. పక్క బుట్టల వాళ్ళు విసుక్కుంటారు. ఆవిడ ఏ సంఘానికి వెళుతుందో నేను అడగలేదు. తెల్లచీర, మెడ బోసి, మాటకు ముందు స్తోత్రం అనడం చూస్తే తెలుస్తూనే ఉంది. పులసలాగా విశ్వాసి కూడా లోకానికి ఎదురీదాలని మా వైపు ప్రసంగాల్లో ఏటా వింటాం. మంచి పోలికే, వాడి వాడి అరిగిపోయింది. నన్నడిగితే ఆవిడ బుట్ట ముందు అరగంట నిలబడ్డం ఆ ప్రసంగం కంటే మేలు.

ఇవన్నీ చిన్న విషయాలనిపించవచ్చు. పెద్ద విషయాల్లోనూ యానాం రేవు సాక్షి. పద్దెనిమిదో శతాబ్దం చివరి కరువుల్లో ఇక్కడినుంచి మనుషులను ఓడలెక్కించి హిందూమహాసముద్రంలోని ఫ్రెంచి దీవులకు అమ్మారు. తిండికి లేక పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళు, ఎత్తుకుపోయి తెచ్చినవాళ్ళు. తర్వాత 1828లో రీయూనియన్ దీవి చెరకు తోటలకు మొట్టమొదటి భారతీయ ఒప్పందకూలీలు వెళ్ళిందీ ఈ యానాం నుంచే. మన తెలుగువాళ్ళే. ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని చివరికి రద్దు చేసింది 1848లో. అంటే అంతదాకా, చట్టం ఒప్పుకున్నదాంతో మనిషిని మనిషి కొనుక్కుని, అదే మనిషి ఆదివారం పూజకు వెళ్ళి మోకరించాడు. తాగాడా అని అడిగితే లేదు, వ్యభిచరించాడా అని అడిగితే లేదు. జాబితా ప్రకారం మచ్చలేని జీవితం. ఆ దీవిలో కూలీలకు బాప్తిస్మమిచ్చి పునీతుల పేర్లు పెట్టారు. ఇప్పటికీ వాళ్ళ వారసుల్లో చాలామంది గుడిలో పూజకు వెళతారు, అమ్మవారికి నిప్పులూ తొక్కుతారు. వాళ్ళది కల్తీ భక్తి అని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ ఓడ సరుకు జాబితాలో మనుషుల్ని రాసినవాడి భక్తిని ముందు తూచాలి కదా.

యానాంను ఏలిన పుదుచ్చేరిలో ఇంకో సంగతి జరిగింది. ఫ్రెంచివాళ్ళ దుబాసీ ఆనందరంగ పిళ్ళై తన డైరీలో రాసిపెట్టకపోతే మనకు తెలిసేది కాదు. అక్కడి గుడిలో, ఆరాధన జరిగే చోటే, అంటరానివాళ్ళుగా చూసే క్రైస్తవులను పై కులాల క్రైస్తవుల నుంచి విడదీస్తూ ఒక గోడ ఉండేది. 1745లో దాన్ని పడగొట్టారు. పడగొట్టినందుకు పై కులాల క్రైస్తవులు గొడవకు దిగారు. ఒకే రొట్టె, ఒకే పాత్ర, నడుమ ఇటుకలు.

ఇటుకల గోడ పోయింది కదా అని సంతోషించేలోపు మన ఊళ్ళు గుర్తొస్తాయి. కృష్ణా గోదావరి జిల్లాల్లో ఫలానా పేట చర్చి, ఫలానా పల్లె చర్చి అనగానే అది ఎవరిదో ఊరందరికీ అర్థమవుతుంది. మాలలది ఒకటి, మాదిగలది ఒకటి, పై కులాల నుంచి వచ్చినవాళ్ళది వేరొకటి. సమాధుల దొడ్డి వేరు. పెళ్ళిసంబంధానికి వచ్చేసరికి రక్షణ పొందారా అని ముందు అడుగుతారు, కులం పేరు తర్వాత అడుగుతారు, ఖాయమయ్యేది రెండోదాని మీద. గుర్రం జాషువా గబ్బిలం చేత శివుడికి కబురంపించాడు. ఆయనే క్రీస్తు చరిత్ర రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇటు క్రైస్తవులకూ అటు సనాతనులకూ పూర్తిగా సొంతం కాలేకపోయిన మనిషి. ఆయన అనుభవమే ఇంకా ఎందరిదో.

ఇక్కడే నిజమైన చిక్కు ఒకటుంది. దీన్ని తప్పించుకుని క్రైస్తవ జీవితంలోని నిజాయితీ గురించి తెలుగులో ఎవరూ రాయకూడదనుకుంటాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం రిజర్వేషన్. అదే పేటలో అదే ఇంట్లో పుట్టినవాడు క్రైస్తవుణ్ణని కాగితం మీద రాస్తే బీసీ-సీ, 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో వాడి గ్లాసు మారదు, వీధి మారదు. మారేది సర్టిఫికెట్. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసేయమని సిఫారసు చేసింది. ఆ కాగితం అక్కడే ఉంది.

అందుకని మన సంఘాల్లో రెండు పేర్ల జీవితం. చర్చిలో శామ్యూలు, స్కూలు రిజిస్టర్లో శ్రీను. ఆదివారం ప్రభువుబల్ల, సోమవారం మండలాఫీసులో హిందువునని సంతకం. ఇది అబద్ధమా? అబద్ధమే. పాపమా? ఎవరి పాపం? ఈ ప్రశ్నకు బల్లగుద్ది జవాబు చెప్పేవాళ్ళను నేను నమ్మను. ముఖ్యంగా, తరతరాల భూమి ఉండి, ఏ సర్టిఫికెట్ అవసరమూ లేకుండా, వేదికమీద నిలబడి ధైర్యంగా ఒప్పుకోండి అని పేదవాడికి బోధించేవాళ్ళను. కూతురి నర్సింగ్ సీటు ఎదురుగా పెట్టుకుని నిలబడ్డ తల్లికి ఆ ధైర్యం ఖరీదు తెలుసు. ఆ ఖరీదు కట్టి ఒక్క శాతంలోనే ఉండిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళకు నా నమస్కారం. కట్టలేనివాళ్ళ మీద రాయి వేయడానికి మాత్రం నా చేయి రాదు. మనిషిని అబద్ధమాడితే తప్ప బతకనివ్వని ఉత్తర్వు, ఆ ఉత్తర్వును మార్చమని ఒక్కరోజు కూడా రోడ్డెక్కని సంపన్న సంఘం, ఈ రెండూ ముందు బోనులో నిలబడాలి.

విచిత్రమేమిటంటే, ఇదే యానాంలో ఒకప్పుడు దీనికి తిరగేసిన కాగితం ఉండేది. 1881 నాటి డిక్రీ ప్రకారం ఫ్రెంచి ఇండియాలో ఎవరైనా తన కులమత ఆచారాల చట్టాన్ని వదులుకున్నానని రాసిచ్చి, ఇంటిపేరొకటి ఎంచుకుని, ఫ్రెంచి పౌరస్మృతి కిందికి రావచ్చు. కులం పోయిందా అంటే వీధిలో పోలేదు, కాగితం మీద పోయింది. ఏలినవాళ్ళు మారారు, కాగితాలు మారాయి. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలనను కూలదోసిన ఉద్యమానికి ముందు నిలిచిన దడాల రఫాయేల్ రమణయ్య పేరులో క్రైస్తవ పేరూ హిందూ పేరూ పక్కపక్కన హాయిగా కూర్చున్నాయి. పేరులో కుదిరింది రిజిస్టర్లో ఎందుకు కుదరదో నాకిప్పటికీ అర్థం కాదు.

చట్టం కంట్లోంచి జారిపోయే ఇంకో చోటు గుంపు. 2012 జనవరి 27న యానాంలోని టైల్స్ ఫ్యాక్టరీ గొడవలో ముందు కార్మిక నాయకుడు పోయాడు, తర్వాత కంపెనీ పెద్ద ఒకాయనను కొట్టి చంపారు, ఫ్యాక్టరీ తగలబడింది. వందల ఇళ్ళలో పొయ్యి ఆరింది. కార్మికుడి కూలి బిగబడితే ఆ కూలే దేవుడి చెవిదాకా మొర పెడుతుందని యాకోబు పత్రికలో ఉంది. చాలా తీవ్రమైన మాట. యజమానులు కూర్చునే ముందు వరుసల ఎదుట దాన్ని చదవడానికి పాస్టర్లు వెనకాడతారు. అయితే అదే బైబిలు ఒక మనిషిని రాళ్ళతో కొట్టడానికి చేరిన గుంపును ఒక్కొక్కరుగా విడదీసి ఇంటికి పంపినాయన కథ కూడా చెబుతుంది. గుంపులో ఉన్నప్పుడు నా చేయి నాది కాదనిపిస్తుంది. అప్పుడు కూడా అది నాదేనని తెలియడం చాలా కష్టమైన భక్తి.

చేసి చూపినవాళ్ళు లేరా అంటే, ఈ చుట్టుపక్కలే ఉన్నారు. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ శాఖలో ప్రభుత్వోద్యోగం వదిలేసి, ఏ విదేశీ మిషన్ జీతమూ లేకుండా సువార్త పనికి దిగాడు. చివరికి అప్పులు మిగిలాయి. పని ఆగిపోకూడదని కెనడా బాప్టిస్టులను పిలిచి అప్పగించాడు. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చింది అలా. ఈ రోజు అక్కడి ఆస్పత్రులు, బడులు, పెద్ద చర్చీలు చూసి అందరూ కెనడా వాళ్ళను తలుచుకుంటారు. తన దుకాణాన్ని ఇంకొకరి పేరుమీద పెట్టేసి పక్కకు తప్పుకోవడం మన కాలపు సేవకులకు బొత్తిగా మింగుడుపడని సంగతి. ఇప్పుడు పరిచర్యలకు వ్యవస్థాపకుడి ఫొటో లేనిదే ఫ్లెక్సీ ఉండదు.

ఇటు ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఉద్యోగం వదల్లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేశాడు. ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడు. నరసాపురం వైపు పనిచేస్తున్న బౌడెన్, బీర్ వంటి మిషనరీలకు అండగా నిలిచాడు. కానీ కోనసీమ రైతు ఆయనకు దండ వేసేది అందుకు కాదు. నీళ్ళ లెక్క తప్పకుండా వేసినందుకు, డబ్బు దండగన్న తెల్లదొరలతో జీవితాంతం పోట్లాడినందుకు. గోదావరి స్నానానికి సంకల్పం చెప్పే బ్రాహ్మణులు ఆయన పేర శ్లోకం కట్టుకున్నారు. వలసపాలన చేసిన దోపిడీని ఆ ఆనకట్ట కడిగేయదు. పన్ను రాబడి పెరుగుతుందనే కంపెనీ డబ్బిచ్చింది. అయినా ఒక ఇంజనీరు తన డ్రాయింగుబల్ల దగ్గర నిజాయితీగా ఉంటే ఎంతమందికి అన్నం దొరుకుతుందో చెప్పడానికి తూర్పు డెల్టా కాలువలు చాలు. గాబ్రియేల్ మత్తయి దారి, కాటన్ జక్కయ్య దారి.

ఇంతదాకా చదివిన పాస్టరుగారు ఎవరైనా ఈపాటికి అభ్యంతరం చెప్పే ఉంటారు. క్రియల వల్ల కాదు, కృప వల్ల కదా రక్షణ, నువ్వు మళ్ళీ లెక్కల్లోకి దింపుతున్నావేమిటని. మంచి అభ్యంతరమే. జవాబు కూడా జక్కయ్య ఇంట్లోనే ఉంది. ప్రభువు ముందు ఆ ఇంటికి భోజనానికి వెళ్ళాడు. లెక్కలు తేలిన తర్వాత వస్తానని అనలేదు. అతిథి వచ్చాక, ఆ ఆనందంలో, అడగకుండానే లెక్కలు బయటికొచ్చాయి. వరస తారుమారైతే రెండు రకాల రోగాలు. లెక్కలతో దేవుణ్ణి కొనుక్కోవచ్చనుకోవడం ఒకటి. అతిథి వచ్చాడు కాబట్టి ఇక లెక్కలు అక్కర్లేదనుకోవడం ఇంకొకటి. మన కూడికల్లో నాకు ఎక్కువగా కనపడేది రెండోది. పాపక్షమాపణ దొరికిందని కన్నీళ్ళతో పాడతాం. ఆ పాపం వల్ల నష్టపోయినవాడికి పైసా తిరిగిచ్చామా అని ఎవరూ అడగరు.

తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు ప్రభువు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియనివ్వవద్దన్నాడు. ఎవరూ చూడని చోటును ఆయన ఎందుకు అంతగా పట్టుకున్నాడో యానాం లాంటి ఊరిలో తిరిగితే తొందరగా అర్థమవుతుంది. అక్కడ మనం చేసే పనికి మెప్పు రాదు, శిక్షా రాదు. భయంతో చేసేది, పేరుకోసం చేసేది అన్నీ వడపోతకు పోగా మిగిలిందే దేవుని ప్రేమతో చేసింది. కొందరికి చారెడు మిగులుతుంది, కొందరికి అదీ ఉండదు. పుదీనాలో, జీలకర్రలో కూడా దశమభాగం లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళమీద యేసు కోప్పడినంతగా తాగుబోతులమీద ఎప్పుడూ కోప్పడలేదు.

కాబట్టి ఒక్క మనవి. కానుక తెచ్చి బలిపీఠం ముందు నిలబడ్డప్పుడు, మీమీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే ఆ కానుకను అక్కడే పెట్టి ముందు వెళ్ళి సరిచేసుకురమ్మని కొండమీది ప్రసంగంలో ఉంది. వచ్చే ఆదివారం దశమభాగం కవరు మీద పేరు రాసే ముందు, ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి ఆపిన జీతం, పొలంలో కోతకొచ్చినవాళ్ళకు చెప్పిన వాయిదా, మేస్త్రీకి తగ్గించిన కూలి ఒకసారి చూసుకోండి. ఉంటే ముందు అవి ఇచ్చేసి రండి. ఆరాధన కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.